నడినెత్తికి చేరేదాకా

ఫిబ్రవరి వచ్చిందంటే డునెడిన్ కొండవాలు వీధులు సూట్‌కేసు చక్రాల చప్పుడుతో మోగిపోతాయి. యూనివర్సిటీకి ఫస్టియర్ పిల్లలు దిగే రోజులవి. తల్లులు కార్లలోంచి దిండ్లూ దుప్పట్లూ దించుతుంటారు. కారు ఎక్కడ ఆపుకోవాలో తెలియక తండ్రులు తిరిగిన వీధే మళ్ళీ తిరుగుతుంటారు. హాస్టల్ వంటింటి కిటికీ దగ్గర నిలబడి టమాటాలు తరుగుతూ శ్రీవల్లి ఏటా ఈ సందడి చూస్తుంది. అందరినీ చూస్తుంది కానీ, ఆమె కళ్ళు వెతికేవి మాత్రం తలలని. గుబురుగా నిలబడ్డ జుట్టు, నెత్తికి అంటిపెట్టుకున్న పాయలు, భుజాల మీద పడే సన్నజడలు. ఏ పిల్ల జడలు అమ్మ చేతివో, ఏ పిల్ల జడలు ప్రయాణం ముందు హడావిడిగా వేయించుకున్నవో దూరం నుంచే చెప్పేయగలదు. ఆ జడలు వదులయ్యే వేళకి ఆ పిల్ల ఇల్లు తలుచుకుని బెంగపడుతుందని కూడా తెలుసు.

ఆ చూపు హిరుత్ దగ్గర అబ్బింది.

హిరుత్ పుట్టింది ఇథియోపియాలో, పెరిగింది హామిల్టన్ ఊరి చివర రోటోటూనాలో. వాళ్ళ పక్కిల్లు కామేశ్వరమ్మ గారిది. గోడ అవతల నుంచి ఆవిడ పెట్టిన పులిహోర తిని పెరిగింది కనక హిరుత్‌కి తెలుగులో నాలుగైదు మాటలు వచ్చు. అన్నీ తిండి మాటలే.

శ్రీవల్లి ఆమెని మొదటిసారి చూసింది హాస్టల్ లాండ్రీ గదిలో. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి తువ్వాళ్ళూ ఏప్రన్లూ ఉతికి మడతపెట్టడం శ్రీవల్లి పని. ఆ రోజు తలుపు తోసేసరికి డ్రయర్ల ముందు ఒక కుర్చీ, కుర్చీ ముందు నేల మీద దిండు, దిండు మీద ఒక పిల్ల. కుర్చీలో కూచున్న పొడుగాటి అమ్మాయి ఆ పిల్ల తలలో దువ్వెన తోకతో పాపిడి గీస్తోంది. శ్రీవల్లి బుట్ట పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. లోపలికి వెళ్ళాలంటే ఒక మాట మాట్లాడాలి కదా. ఆ మాట ఆమె నోటికి రాదు.

పొడుగాటి అమ్మాయి తలెత్తి చూసింది. ఏప్రన్ మీదున్న పేరు చదివింది. గొంతెత్తి, పక్కింటి కామేశ్వరమ్మ గారి యాసతో సహా, "అమ్మాయ్, తిన్నావా?" అంది.

శ్రీవల్లి చేతిలోని బుట్ట జారిపోయింది. తువ్వాళ్ళన్నీ నేల మీద పడ్డాయి. ముగ్గురూ నవ్వుకుంటూ ఏరారు.

శ్రీవల్లి నోట్లో నాలుక లేని పిల్ల. చిన్నప్పుడు అలా ఉండేది కాదని వాళ్ళమ్మ సుశీలమ్మ అంటుంది. అనకాపల్లి దగ్గర ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ వీధి వీధంతా వినపడేదిట. నాన్న అప్పారావు చదువు పేరు చెప్పి ఈ దేశం దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్ వచ్చి, ఆ తర్వాత వీళ్ళని రప్పించుకున్నాక ఆ గొంతు చలికి బిగుసుకుపోయింది. బడిలో మొదటి వారమే వెనక బెంచీ పిల్లలు ముక్కులు మూసుకున్నారు. తలకి కొబ్బరినూనె వాసన. మర్నాటి నుంచి నూనె లేదు, మాటా లేదు. తర్వాత డునెడిన్ మారారు. సుశీలమ్మ ఆసుపత్రిలో క్లీనింగ్ పనికి కుదిరింది, నడుము పట్టేసి ఆపరేషనయింది. నాన్న ఎక్కడో ఆవుల ఫార్మ్‌లో, నెలకోసారి వచ్చేవాడు. ఇంట్లో ఎవరో ఒకరు నిలబడాలి. శ్రీవల్లి బడి మానేసి నిలబడింది. చివరి ఏడాది మొదలవకముందే పుస్తకాలన్నీ తుడిచి, నలిగిన మూలలు సరిచేసి బడిలో అప్పగించింది. ఆఫీసులో ఉన్నావిడ "థాంక్యూ, చాలా నీట్‌గా ఉంచావు" అని తీసుకుంది. అంతే. చదువు అలా అయిపోయింది, హాస్టల్ వంటింట్లో పని మొదలైంది.

హిరుత్ అప్పటికి మూడో ఏడాది చదువుతోంది. ఆఫ్రికా మూలాలున్న ఫస్టియర్ పిల్లలకి తోడుగా ఉండి, దారీ తెన్నూ చెప్పే సీనియర్‌గా యూనివర్సిటీ ఆమెని పెట్టింది. పీర్ అడ్వైజర్ అంటారు. ఏ క్లాసు ఎప్పుడు మార్చుకోవచ్చు, ఒంట్లో బాగోక పరీక్ష పోతే ఎవరికి చెప్పుకోవాలి, ట్యుటోరియల్‌లో ప్రశ్న అడగడానికి భయమేస్తే ఏం చెయ్యాలి, ఇలాంటివన్నీ. ఒక గది కూడా ఇచ్చారు. రెండు కుర్చీలు, బల్ల, బల్ల మీద కాగితపు రుమాళ్ళ పెట్టె.

"నెల రోజులు కూచున్నాను వల్లీ. ఈగ కూడా రాలేదు. ఆ రుమాళ్ళ పెట్టె చూస్తే పళ్ళ డాక్టరు దగ్గరకొచ్చినట్టుంటుంది. ఎవరొస్తారు?" అంది హిరుత్.

ఒకనాడు ఒక పిల్ల, ఊళ్ళో తనలాంటి జుట్టుకి జడలు వేసేవాళ్ళు ఎవరూ లేరని, టోపీతో కప్పుకు తిరుగుతోందని తెలిసి హిరుత్ తనే వేస్తానంది. హాస్టల్ మొత్తంలో వెచ్చగా ఉండేది లాండ్రీ గది. అక్కడ కూచోబెట్టింది. జడలు పూర్తయ్యేసరికి ఆ పిల్ల కడుపులో ఉన్నదంతా చెప్పేసింది. అప్పటినుంచి ఆ గది, బల్ల, రుమాళ్ళు యూనివర్సిటీ వాళ్ళకే వదిలేసి ఆదివారాలు లాండ్రీలో దుకాణం పెట్టింది.

దానికి ఆమెకో పద్ధతి ఉంది. జడలు మెడ దగ్గర మొదలుపెట్టి వరస వరసగా పైకి వెళ్ళాలి. మెడ దగ్గర ఉన్నంతసేపూ తిండి కబుర్లు. హాస్టల్ పాస్తాలో ఉప్పు లేదని, అమ్మ చేసే కూర ఇక్కడ ఎందుకు కుదరదని. చెవుల దాకా వచ్చేసరికి ఊరి కబుర్లు. బస్సులో ఎవరో అడక్కుండా జుట్టు పట్టుకుని చూశారని, "అసలు మీది ఏ దేశం?" అని అడిగిందే అడుగుతున్నారని. అసలు మాట మాత్రం నడినెత్తికి చేరాకే వస్తుంది. ఎవరు ఎంత గట్టివాళ్ళయినా నడినెత్తి దగ్గర మెత్తబడతారు. అప్పటిదాకా హిరుత్ ఏమీ అడగదు.

"ముఖం ఎదురుగా లేదుగా, అందుకే చెప్తారు. వీపు వెనక మనిషికి ఏదైనా చెప్పొచ్చు" అంది ఓసారి.

శ్రీవల్లికి ఆ మాట కొత్తగా అనిపించలేదు. అనకాపల్లిలో అమ్మమ్మ వీధరుగు మీద కూచుని జడ వేస్తుంటే, తను కూడా వీపు వెనకున్న మనిషికే అన్నీ చెప్పేది. ఎవరితో పోట్లాడిందీ, ఎవరి పలక పగలగొట్టిందీ. అమ్మమ్మ పాయలు లాగుతూ "ఊఁ, ఆ తర్వాత?" అనేది.

తువ్వాళ్ళ మడతలు ఎంత నెమ్మదిగా పెట్టినా ఎప్పుడో ఒకప్పుడు అయిపోతాయి. అయిపోయినా శ్రీవల్లి వెళ్ళేది కాదు. మడతపెట్టినవే విప్పి మళ్ళీ పెట్టేది. హిరుత్ అది కనిపెట్టి, "ఆ తువ్వాళ్ళకి కాస్త ఊపిరాడనీ. ఇటొచ్చి ఈ పాయలు విడదీసి అందించు" అంది. అలా ఆ వెచ్చటి గదిలో శ్రీవల్లికి ఒక చోటు దొరికింది.

ఆ ఏడాది పిల్లల్లో చిపో ఒకతె. జింబాబ్వే వాళ్ళు, ఇన్వర్‌కార్గిల్‌లో స్థిరపడ్డారు. తల్లి వృద్ధాశ్రమంలో కేర్‌గివర్. చిపో డాక్టరు కావాలని హెల్త్ సైన్సెస్‌లో చేరింది. చిన్న మనిషి, పెద్ద కళ్ళజోడు, వెటకారం జాస్తి. హిరుత్‌ని "సిసి" అని పిలిచేది. వాళ్ళ భాషలో అక్క అని. ఇన్వర్‌కార్గిల్ చలి గురించి చిపో, శ్రీవల్లి కలిసి తిట్టుకునేవారు. అంటే చిపో తిట్టేది, శ్రీవల్లి తలూపేది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం హిరుత్, తను వచ్చేలోగా చిపో తల సిద్ధం చెయ్యమని శ్రీవల్లికి అప్పజెప్పింది. సిద్ధం చెయ్యడమంటే చిక్కు తీసి, పాయలుగా విడదీసి ఉంచడం. చిక్కు కొసల నుంచి పైకి తీయాలని అప్పటికి నేర్చుకుంది. కానీ ఆ జుట్టు చేతికి పొడిగా తగిలేసరికి శ్రీవల్లికి మనసు ఆగలేదు. ఇంత పొడి తలకి జడ ఎలా వేస్తారు? ఇంటికి పరుగెత్తి అమ్మ వాడే కొబ్బరినూనె సీసా తెచ్చింది. డునెడిన్ చలికి నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. డ్రయర్ మీద పెట్టి కరిగించి, అమ్మమ్మ పెట్టినట్టు, చెవుల వెనక నుంచి కారేదాకా పెట్టింది. చిపో కళ్ళు మూసుకుని "స్వర్గం" అంది.

హిరుత్ వచ్చి అతికించే జుట్టు పాయ పెట్టి అల్లబోయింది. పాయ జారింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. వేళ్ళు వాసన చూసుకుంది.

"వల్లీ! ఇది తలా, బజ్జీల మూకుడా?"

శ్రీవల్లి మొహం ఎర్రబడింది. నూనె తలకి ఈ జడలు నిలవవని ఆమెకేం తెలుసు? నూనె లేకుండా దువ్వెన పెట్టడమే ఎరగని ఇంట్లో పుట్టింది. చిపో మాత్రం పడీ పడీ నవ్వింది. తల రెండుసార్లు రుద్ది, కడిగి, ఆరబెట్టి, అప్పుడు మొదలుపెట్టారు. సాయంత్రం దాకా పట్టింది. ఆ పొడుగాటి మధ్యాహ్నంలోనే చిపో తన ఇంటి సంగతి మొదటిసారి చెప్పింది. తల్లి చర్చిలో అందరికీ "నా బిడ్డ డాక్టరు" అని ఇప్పటినుంచే చెప్పుకుంటోందని, ఆ మాట వింటే తనకి అన్నం సయించదని.

"నీ నూనె పుణ్యమా అని పిల్ల నోరు విప్పింది" అంది హిరుత్ వెళ్తూ వెళ్తూ. "కానీ మళ్ళీ పెట్టావో, చంపేస్తాను."

సీసా అప్పటినుంచి లాండ్రీ అలమారలోనే ఉండిపోయింది.

జూన్ వచ్చింది, ఇక్కడ చలికాలం. పరీక్షల ముందు వారం. చెట్ల కింద గడ్డి మీద పేరుకున్న మంచు మధ్యాహ్నం దాకా కరగడం లేదు. ఆ ఆదివారం శ్రీవల్లి బుట్టతో వచ్చేసరికి చిపో అప్పటికే గదిలో ఉంది. ఒక్కతే. జడలు సగం తనే విప్పేసుకుంది.

"వల్లీ, వెనకవి అందట్లేదు. కొంచెం విప్పి పెడతావా? సిసిని ఇబ్బంది పెట్టడం ఎందుకు, తనకీ పరీక్షలు."

శ్రీవల్లి వెనక కూచుని విప్పడం మొదలుపెట్టింది. విప్పుతూ చుట్టూ చూసింది. మాట్లాడనివాళ్ళకి కళ్ళు ఎక్కువ పనిచేస్తాయి. కొత్త జడలకి కావలసిన జుట్టు ప్యాకెట్లు ఎక్కడా లేవు. అవి ఆక్లండ్ నుంచి పోస్టులో రావాలి, ముందుగా చెప్పి తెప్పించుకోవాలి. పరీక్షల ముందు జడలు విప్పేసుకునే పిల్లలెవరూ ఉండరు, చదువుకునే రోజుల్లో తల సంగతి చూసుకునే తీరిక ఎక్కడ? తర్వాత బల్ల మీద చూసింది. హాస్టల్ వాళ్ళిచ్చిన దుప్పటి కవరు. ఉతికి, ఆరబెట్టి, అంచుకి అంచు కలిపి మడతపెట్టి ఉంది. దాని మీద దిండు గలీబు, అదీ అలాగే.

శ్రీవల్లి చేతులు ఆగాయి.

ఉండేవాళ్ళు దుప్పటి అలా మడతపెట్టరు. వెళ్ళిపోయేవాళ్ళే అంత శుభ్రంగా అప్పగిస్తారు. ఆ సంగతి శ్రీవల్లికి ఎవరూ చెప్పక్కర్లేదు. బడి పుస్తకాల నలిగిన మూలలు సరిచేసిన చేతులవి.

"బాబాయ్ సాయంత్రం ఇన్వర్‌కార్గిల్ వెళ్తున్నాడు. కారులో చోటుంది. ఓసారి ఇంటికెళ్ళొస్తాను" అంది చిపో, ఎవరూ అడక్కుండానే.

వెళ్ళకు అనాలని శ్రీవల్లికి గొంతుదాకా వచ్చింది. వచ్చి అక్కడే కూచుంది. ఏమని చెప్తుంది? చదువు మానెయ్యకు అని చదువు మానేసిన తను చెప్పాలా? హిరుత్ ఉంటే బావుండును. హిరుత్ గ్రూప్ స్టడీకి వెళ్ళింది, వచ్చేసరికి గంటో రెండు గంటలో పడుతుంది. ఈలోగా జడలన్నీ ఊడిపోతాయి, చిపో టోపీ పెట్టుకుంటుంది, లేచి వెళ్ళిపోతుంది. విప్పడానికి ఎంతసేపు! అల్లేటప్పుడైతే నడినెత్తికి చేరడానికి పూట పడుతుంది. విప్పేటప్పుడు మాటకి వ్యవధే లేదు.

ఆఖరి జడ విప్పింది. చిపో తల దులుపుకుని లేవబోయింది.

"నూనె పెట్టనా?" అంది శ్రీవల్లి.

చిపో వెనక్కి తిరిగి చూసింది. "మళ్ళీనా? ఆ రోజు చేసిన నిర్వాకం చాల్లేదా?"

"ఇవాళ జడలు వేసుకోవటం లేదుగా."

ఆ మాట ఎక్కడ తగిలిందో, చిపో ఒక్క క్షణం కళ్ళజోడు సర్దుకుంది. తర్వాత మళ్ళీ దిండు మీద కూలబడింది. "సరే. పెట్టు. తొందరగా."

తొందరగా ఎలా? నూనె రాయిలా గడ్డకట్టి ఉంది. శ్రీవల్లి సీసాని డ్రయర్ మీద పెట్టింది. డ్రయర్‌లో ఉన్న తువ్వాళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి. అయినా మీట మళ్ళీ నొక్కింది. సీసా అంచున తెలుపు కాస్త కాస్త కరిగి నీరవుతుంటే ఇద్దరూ దాన్నే చూస్తూ కూచున్నారు.

కరిగాక పెట్టింది. ఆ రోజుకన్నా రెండింతలు పెట్టింది. అమ్మమ్మ ఎలా పెట్టేదో అలాగే, మాడు మీద అరచేత్తో అద్ది, వేళ్ళతో కుదుళ్ళ దాకా ఇంకించి, కణతలు నొక్కి, మెడ వెనక నరాలు రుద్ది. చిపో భుజాలు కిందికి దిగాయి. నుదుటి మీద నూనె ధార కట్టింది.

అప్పుడు తలుపు తోసుకుని హిరుత్ వచ్చింది. చేతిలో కాఫీ, చంకలో పుస్తకాలు. చూసీ చూడగానే గుమ్మంలోనే నిలబడి, "వల్లీ! నీకు చెవులున్నాయా, లేవా? నేనేం చెప్పాను?" అని అరిచింది.

శ్రీవల్లి హిరుత్ కళ్ళలోకి చూసి, తర్వాత బల్ల మీద దుప్పటి కవరు వైపు చూసింది. మళ్ళీ హిరుత్‌ని చూసింది.

హిరుత్ ఆ మడత వైపు చూసింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది, కానీ గొంతులో అలాగే ఉంది. పుస్తకాలు కింద పెట్టి చొక్కా చేతులు పైకి మడుచుకుంది.

"ఈ నూనె తలతో బయటికెళ్తే చలికి నూనె గడ్డకట్టి తల మీద కొవ్వొత్తి వెలిగించొచ్చు. లే చిపో. కడగాలి."

"సిసి, బాబాయ్ అయిదింటికి వస్తాడు..."

"రానీ. బాబాయ్ ముందు ఇలా నిలబడతావా?"

లాండ్రీ తొట్టిలోనే కడిగారు. వేడినీళ్ళ ఆవిరికి కిటికీలు మసకబారాయి. హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టేసరికి చాలాసేపయింది. హిరుత్ తన గదికి వెళ్ళి, తనకోసం దాచుకున్న జుట్టు ప్యాకెట్లు తెచ్చింది. "నా తల ఎలా ఉంటే ఎవడు చూడొచ్చాడు" అని చింపేసి, చిపో మెడ దగ్గర మొదటి పాపిడి గీసింది.

మెడ దగ్గర తిండి కబుర్లేమీ రాలేదు. హిరుత్ ఒక్కతే మాట్లాడింది, కామేశ్వరమ్మ గారి ఆవకాయ తిని తాను చిన్నప్పుడు ఎలా గెంతిందో. చిపో నవ్వలేదు. చెవుల దగ్గరికొచ్చినా ఏమీ లేదు. శ్రీవల్లి పాయలు అందిస్తూ గోడ మీది గడియారం చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

చెవులు దాటాయి. నడినెత్తి ఇంకా రాలేదు.

"సిసి, నేను మళ్ళీ రాను."

హిరుత్ చేతులు ఆగలేదు. "ఊఁ" అంది.

ఆ "ఊఁ" విని శ్రీవల్లి తలెత్తి చూసింది. అచ్చం అమ్మమ్మదే.

అప్పుడు చిపో చెప్పింది. కెమిస్ట్రీ టెస్టు పోయిందని. అది పోయినందుకు కాదని. ల్యాబ్‌లో జట్లు కట్టమంటే రోజూ తనే మిగిలిపోతోందని, మేష్టరు ఎవరో ఒక జట్టుకి తనని అంటగడుతుంటే వాళ్ళు పక్కకి జరిగే తీరు చూడలేకపోతున్నానని. అంత పెద్ద క్లాసులో తనొకతె రాకపోయినా ఎవరికీ తెలియదని. "అమ్మకేమో నేను డాక్టర్ని. ఆవిడ రెండు షిఫ్టులు చేసి వచ్చి ఫోన్లో 'డాక్టరమ్మా' అంటుంది. నేను ఏం చెప్పను? ఇంటికెళ్ళి కూచుని చెప్తాను. ఫోన్లో చెప్పలేను."

"నీకు ఇష్టమైన క్లాసంటూ ఒకటి లేదా?"

చిపో వేలితో దిండు అంచు గిల్లింది. "జాగ్రఫీ" అంది చివరికి, దొంగతనం ఒప్పుకున్నట్టు. "ఊరికే తీసుకున్నాను. ఈ కొండలన్నీ ఒకప్పటి అగ్నిపర్వతమట, తెలుసా? మనం దాని అంచు మీద కూచున్నాం."

"ఇప్పటిదాకా చెప్పలేదేం? కెమిస్ట్రీ వదిలెయ్, చదువు వదలక్కర్లేదు. రెండో సెమిస్టర్‌లో దారి మార్చుకోవచ్చు. ఎవరితో మాట్లాడాలో నాకు తెలుసు. నేనూ వస్తాను, నువ్వు నోరు తెరవక్కర్లేదు. డాక్టరు కాకపోతే అమ్మ కొడుతుందా?"

"కొట్టదు. ఏడుస్తుంది."

"అది కొంచెం కష్టమే" అంది హిరుత్.

గదిలో డ్రయర్ ఒక్కటే తిరుగుతోంది. అప్పుడు శ్రీవల్లి నోరు తెరిచింది. ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియదు. ముఖం ఎవరికీ ఎదురుగా లేదు, అందుకేనేమో.

"నేను బడి మానేసిన రోజు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పుస్తకాలు నీట్‌గా ఉన్నాయన్నారు."

చిపో తల తిప్పబోయింది. హిరుత్ దువ్వెన తోకతో ఆపి, "కదలకు, పాపిడి వంకరవుతుంది" అంది. కానీ ఎడమ చేయి ఒకసారి శ్రీవల్లి మోకాలి మీద వేసి తీసింది.

బయట కారు హారన్ మోగింది.

తల సరిగ్గా సగమయింది. వెనకంతా సన్నటి జడలు, ముందంతా గుబురు. ఆయన్ని కాసేపు ఆగమని చెప్పి హిరుత్ పూర్తిచేస్తుందని శ్రీవల్లి అనుకుంది. హిరుత్ దువ్వెన బల్ల మీద పెట్టేసింది.

"టైమైపోయింది. మిగతా సగం వచ్చే ఆదివారం."

"అమ్మకి జడలు వేయడం వచ్చు. తనే పూర్తిచేసేస్తుంది" అంది చిపో.

"చేస్తే చెయ్యనీ."

చిపో ఉన్ని టోపీ కళ్ళదాకా లాక్కుంది. గుమ్మం దాకా వెళ్ళి, బల్ల మీది దుప్పటి కవరు చూపించి, "వల్లీ, అది ఆఫీసులో ఇచ్చేస్తావా?" అంది. శ్రీవల్లి తలూపింది.

ఇవ్వలేదు. అలమారలో, నూనె సీసా పక్కన పెట్టింది.

ఆ వారం ఎలా గడిచిందో శ్రీవల్లికి ఇప్పటికీ జ్ఞాపకమే. ఉదయం టిఫిన్ దగ్గర చిపో కూచునే మూల కుర్చీ ఖాళీ. ఇంట్లో అన్నం కలుపుకుని ముద్ద ఎత్తకుండా కూచుంటే సుశీలమ్మ కేకలేసింది.

"ఏటే, ఎవలు తిట్టారు నిన్ను?"

"ఎవలూ తిట్టలేదమ్మా."

"మరేటి ఆ మొకం? నా నూనె సీసా ఏటయింది? రెండ్నెల్లనించీ వెతుకుతున్నాను."

శ్రీవల్లి మొదటినుంచీ చెప్పింది. సుశీలమ్మ నడుము కింద దిండు సర్దుకుంటూ అంతా విని, "సగం తల అల్లి వదిలేసిందా? గట్టి పిల్లే" అంది. కొంచెం ఆగి, "ఆ తల్లి పూర్తిచేసేసిందంటే మటుకు ఇంక రాదు" అంది.

శ్రీవల్లికి తెలుసు. ఆ భయమే ముద్ద దిగనివ్వడం లేదు.

ఆదివారం వాన. వంటింటి పని ముగించి వచ్చేసరికి హిరుత్ కుర్చీలో కూచుని పుస్తకం చదువుతోంది. అంటే తెరిచి పెట్టుకుంది, పేజీ తిప్పట్లేదు. ఎదురుగా దిండు వేసి ఉంది. శ్రీవల్లి తువ్వాళ్ళు మడతపెట్టింది. విప్పి మళ్ళీ పెట్టింది. ఈసారి హిరుత్ ఏమీ అనలేదు. ఇన్వర్‌కార్గిల్ నుంచి వచ్చే బస్సు వేళయింది. దాటింది కూడా.

తలుపు తెరుచుకుంది. టోపీ నుంచి నీళ్ళు కారుతున్నాయి, కళ్ళజోడు మసకబారింది. చిపో లోపలికొచ్చి టోపీ తీసింది.

వెనక సన్నజడలు అలాగే ఉన్నాయి. ముందు జుట్టు రెండు పిలకలుగా రబ్బరు బాండ్లు వేసి ఉంది. ఒక్క కొత్త పాయ కూడా అల్లి లేదు.

"అమ్మ ముట్టుకోలేదు" అంది చిపో. "మొదటి రోజంతా ఏడ్చింది. రెండో రోజు అగ్నిపర్వతం గురించి అడిగింది. మూడో రోజు నేనే దువ్వెన ఇచ్చి కూచున్నాను, పూర్తిచెయ్యమని. తల తిప్పి తిప్పి చూసింది. ఎవరు వేశారంది. చెప్పాను. మా వైపు ఎవరో మొదలుపెట్టిన తల ఇంకొకరు ముగించరు, ఆవిడ దగ్గరికే వెళ్ళు అంది." చేతిలోని తడి టోపీ పిండింది. వెంటనే వెటకారం తెచ్చుకుంది. "అలాంటి ఆచారం మాకేమీ లేదు సిసి. ఇప్పుడే పుట్టించింది."

హిరుత్ గట్టిగా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "కూచో, కూచో. ఎక్కడ ఆగాం?"

"నా దుప్పటి కవరు ఆఫీసులో ఇచ్చేశావా వల్లీ? రాత్రికి ఏం కప్పుకోను?"

శ్రీవల్లి అలమార తెరిచింది.

తర్వాత సంగతులు చెప్పుకోవడానికి పెద్దగా లేవు. చిపో జాగ్రఫీ వైపు మారింది. పట్టా తీసుకున్న రోజు వాళ్ళమ్మ వంటింట్లోకి వచ్చి, గరిటె పట్టుకున్న శ్రీవల్లిని గరిటెతో సహా కావలించుకుంది. పైతరగతులకి వెళ్ళాక చిపో కూడా పీర్ అడ్వైజర్‌గా కొన్నాళ్ళు అదే కుర్చీలో కూచుంది. హిరుత్ హామిల్టన్ వెళ్ళిపోయింది. అక్కడ బడిలో పాఠాలు చెప్తోంది. లాండ్రీలో కొత్త మెషీన్లు వచ్చాయి. గోడలకి రంగు వేశారు. ఆఫ్రికా పిల్లలకి యూనివర్సిటీ ఇప్పుడు సోఫాలున్న మంచి గది ఇచ్చింది, జడలు అక్కడే వేసుకుంటున్నారు. ఎండ బాగా పడే గది. శ్రీవల్లి కూడా ఆదివారాలు వెళ్తుంది, పాయలు విడదీసి అందిస్తుంది. కొత్త పిల్లలు ఆమెని ఆంటీ అంటారు. ఆ పిలుపుకి వయసు ఇంకా రాలేదు కానీ, కాదనదు.

గది మంచిదే. కానీ డ్రయర్ల చప్పుడు లేదు, కిటికీ అద్దాల మీద ఆవిరి లేదు. కళ్ళు మూసుకుంటే శ్రీవల్లికి ఆ పాత గదే కనిపిస్తుంది.

శ్రీవల్లిలో కూడా ఒకటి మారింది. చిపో తిరిగొచ్చిన ఆ ఆదివారం, ఆమె జడలు పూర్తయ్యాక హిరుత్ దిండు తట్టి, "ఇంక నువ్వు రా" అంది. శ్రీవల్లి కూచుంది. హిరుత్ నూనె సీసా డ్రయర్ మీద పెట్టి కరిగించి, ఈసారి తనే ఆమె తలకి పెట్టింది. ఇన్వర్‌కార్గిల్ బడి తర్వాత శ్రీవల్లి తలకి మళ్ళీ నూనె తగలడం అదే మొదలు. ఒక్క జడ. అల్లడానికి ఎంతసేపు పడుతుంది? కానీ హిరుత్ అల్లి, విప్పి, మళ్ళీ అల్లింది. శ్రీవల్లి అనకాపల్లి అరుగు మొదలుకుని అప్పగించిన పుస్తకాల దాకా అన్నీ చెప్పింది. చిపో బల్ల మీద కూచుని, దుప్పటి కవరు ఒళ్ళో పెట్టుకుని వింది.

మర్నాడు నూనె తలతో, ఒంటిజడతో శ్రీవల్లి పనికి వెళ్ళింది. ఇప్పటికీ అలాగే వెళ్తుంది.

మొన్న ఫిబ్రవరిలో, టిఫిన్ వరసలో నిలబడ్డ కొత్త పిల్ల ఒకతె, ప్లేటు అందుకుంటూ గాలి పీల్చింది. "కొబ్బరి వాసన! మా నాన్నమ్మ దగ్గర ఇదే వాసన వచ్చేది" అంది. శ్రీవల్లి ఆ పిల్ల తల వంక చూసింది. ప్రయాణం ముందు హడావిడిగా వేయించుకున్న జడలు, చెవుల దగ్గర అప్పుడే వదులవుతున్నాయి.

"తిన్నాక ఆదివారం సంగతి చెప్తాను" అంది శ్రీవల్లి. ఆ పిల్ల ప్లేటులో ఇంకో గరిటె వడ్డించింది.